వరుసలో ఏడవ పేరు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఈ దేశంలో పుట్టి పెరిగిన మీలో కొందరు ఆయన పేరు విని ఉండకపోవచ్చు. కాని ఆయన నడిపిన ప్రయోగశాల నుండి వెలువడిన ఔషధాలు మీ ఇళ్ళకు అపరిచితమైనవి కావు. గర్భిణులకు మేము తప్పక ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, కీళ్ళవాతానికి వారానికొకసారి వాడే మెథోట్రెక్సేట్, గోదావరి జిల్లాలలో మీ తాతముత్తాతలు భయపడిన బోదకాలుకు నేటికీ ఇచ్చే మాత్ర, ఈ మూడింటి మూలాలూ అక్కడే ఉన్నాయి.

బాల్యం కష్టాలమయం. యౌవనంలో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, చివరకు ఎం.బి.బి.ఎస్. కాక ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు సాగిస్తూ, పొట్టకూటికి ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశారు. భార్య శేషగిరిగారు స్వదేశంలోనే ఉండిపోయారు. ఆమె ఆయనను మళ్ళీ చూడలేదు. ఆయన జీవితంలో నేను ప్రశంసించలేని అధ్యాయం అదొక్కటి.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ వద్ద ఆయన చేసిన కృషి సామాన్యమైనది కాదు. 1925లో వారిరువురి పేరిట వెలువడిన ఫాస్ఫరస్ పరిమాణ నిర్ణయ పద్ధతిని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఎన్నో దశాబ్దాలు నేర్చుకున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీసినదీ అక్కడే. అయినా స్థిరమైన పదవి లభించలేదు. అదే ప్రయోగశాలలో పనిచేసి, అనంతరం 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక సంగతి చెప్పారు: సుబ్బారావుగారు కనుగొన్నవాటిలో కొన్ని ఫిస్క్ అనుమతి లేక వెలుగు చూడలేదని, తరువాత వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసివచ్చిందని. మన శ్రమ ఇంకొకరి బల్ల సొరుగులో ఉండిపోవడం ఎట్లుంటుందో మీలో ఉద్యోగాలు చేస్తున్నవారికి నేను వివరించనవసరం లేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ సంస్థలో చేరి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అధికారం చేతికి వచ్చింది. తాను చవిచూసిన చేదునే కిందివారికి పంచడం లోకంలో సాధారణం. ఆసుపత్రులలో ఆ వారసత్వాన్ని నేను చాలాసార్లు చూశాను. సుబ్బారావుగారు మాత్రం ఆ గొలుసును తెంచివేశారు.

ఫోలిక్ ఆమ్లం ఉదంతం చూడండి. కాలేయంలో అత్యల్పంగా ఉండే ఆ పదార్థాన్ని వేరుచేయడానికి, నిర్మాణం తేల్చడానికి, కృత్రిమంగా తయారుచేయడానికి ఒక్క మెదడు చాలదు. స్టాక్‌స్టాడ్, హచింగ్స్ వంటివారు సూక్ష్మజీవులతోను, ఆంగియర్, వాలర్ వంటివారు రసాయనాలతోను పనిచేశారు. మాతృసంస్థకు చెందిన మరొక శాఖలోని రసాయనికులూ తోడయ్యారు. 1946లో సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసానికి 16 మంది రచయితలు. విభాగాధిపతి పేరు మొదట గాని చివర గాని ఉంటుందని మీరు వెదకుతారు. లేదు. అక్షరక్రమంలో, స్టాక్‌స్టాడ్ తరువాత, ఏడవ పేరు ఆయనది. సోదరుల ప్రాణాలు తీసిన స్ప్రూకు ఆ మందే చికిత్సగా నిలిచిందని తెలిసినవారికి ఆ ఏడవ స్థానం మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది.

బెంజమిన్ డగ్గర్ విషయం ఇంకా విశేషం. వయోపరిమితి వలన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుండి విరమించిన ఆ వృక్షశాస్త్రవేత్త, 1944లో, 72 ఏళ్ళ వయసులో, లెడర్లీలో చేరారు. ఎందరో విశ్రాంతి తీసుకొమ్మనే వయసు అది. ఆయనకు మట్టి నమూనాలలో సూక్ష్మజీవులను అన్వేషించే స్వేచ్ఛ లభించింది. మిస్సోరీలోని ఒక పొలం మట్టి నుండి ఆరియోమైసిన్ పుట్టింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే జ్యేష్ఠ సంతానం. దానిని ప్రకటించిన 1948 నాటి వ్యాసంపై డగ్గర్ పేరు ఒక్కటే ఉన్నది.

బోదకాలు మందును ఎలుకలపై పరీక్షించిన బృందానికి హ్యూయిట్ ముందు నిలిచారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థాలు కోరగా, సుబ్బారావుగారి రసాయనికులు అమినోప్టెరిన్‌ను అందించారు. చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగింది. అంతకు మునుపు ఆ వ్యాధి ముందు వైద్యుడు చేతులు కట్టుకొని నిలబడినవాడే. ఆ కీర్తి ఫార్బర్‌ది. ఆ మందుకు సోదర ఔషధమే మెథోట్రెక్సేట్.

ఇటువంటి చరిత్రలను మన సభలలో వినయానికి నిదర్శనంగా చెప్పడం ఆనవాయితీ. నాకది పూర్తిగా సమ్మతం కాదు. హార్వర్డులో ఆయన పేరు మరుగునపడటం అన్యాయం; దానికి వినయమని పేరుపెట్టి మనం సరిపెట్టుకోరాదు. లెడర్లీలో వెనుక నిలబడటం వేరు, అది ఆయన పని జరిపించిన విధానం. తన పేరు తనదేనన్న భరోసా కలిగినవాడే కష్టమైన ప్రశ్నను చేపట్టి, విఫలమైనా మళ్ళీ ప్రయత్నిస్తాడు. ఏడెనిమిదేళ్ళలో ఒకే చోట ఇన్ని మందులు పుట్టడానికి ఇతర కారణాలూ ఉన్నాయి: యుద్ధకాలపు అవసరం, సంస్థ పెట్టిన ధనం. అయినా అవే వసతులున్న ప్రయోగశాలలన్నీ ఇంత ఫలించలేదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. అయిదేళ్ళ తరువాత, లెడర్లీలో పనిచేసిన హెసెల్టిన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే వడపోత తొట్టెలో కనబడిన ఒక కొత్త శిలీంధ్రాన్ని వర్ణించి, దానికి సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశారు.