సవర నుడికి అక్షరమిచ్చిన గిడుగు వేంకట రామమూర్తి

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానంలో ఆంధ్రులతోను, పుండ్ర పుళింద మూతిబులతోను కలిపి శబరులు పేర్కొనబడ్డారు. ఆ శబరులే నేటి సవరలని పండితులు పలువురు భావించారు. ఆంధ్రుల భాష శాసనాలకెక్కింది, కావ్యభాష అయింది, అచ్చు యంత్రాన్ని చేరింది. వారి పక్కనే పేర్కొనబడిన సవరల భాషకు పందొమ్మిదవ శతాబ్ది చివరివరకు సొంతమని చెప్పుకోదగిన అక్షరం ఒక్కటీ లేదు. ఈ లోపాన్ని గుర్తించి, దానిని తీర్చడానికి నాలుగు దశాబ్దాలు వెచ్చించిన వ్యక్తి గిడుగు వేంకట రామమూర్తి పంతులు. తెలుగునాట ఆయన వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే ప్రసిద్ధుడు. ఆ ప్రసిద్ధి నీడలో సవరభాషా కృషి కొంత మరుగుపడిందని చెప్పక తప్పదు.

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు, తల్లి వేంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. రామమూర్తికి పన్నెండేళ్ళ వయస్సులో, 1875లో, ఆయన మరణించారు. ఆపై విద్య విజయనగరంలో బంధువుల ఆశ్రయంలో సాగింది. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. పట్టపరీక్షలను ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పూర్తిచేశారు. ఆయన బోధించిన విషయం చరిత్ర.

చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు ముఖలింగ దేవాలయ శాసనాలను ఇతరుల సాయంతో తెలుసుకోవడానికి ఇష్టపడలేదు. ప్రాచీన లిపులను స్వయంకృషితో అభ్యసించి, గోడలమీదను స్తంభాలమీదను ఉన్న వ్రాతలను తానే చదివారు. తూర్పు గాంగుల కళింగనగరం ముఖలింగ ప్రాంతమేనన్న ప్రతిపాదన ఈ పరిశ్రమ నుండి వచ్చినదే. రామమూర్తికి లిపి అనేది మొదట శాసనపు రాతిమీద పరిచయమైంది. ఒకే అక్షరం శతాబ్దానికొక రూపు దాల్చడం ఆయన ప్రత్యక్షంగా చూశారు. లిపి శాశ్వతమని, పవిత్రమని, మార్చరానిదని నమ్మేవారికి ఈ అనుభవం ఉండదు. సవరభాషకు అక్షరాలు ఏర్పరచవలసి వచ్చినప్పుడు ఆయన చూపిన నిస్సంకోచానికి మూలం ఇక్కడే వెదకవచ్చు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న తూర్పు కనుమలు సవరల నివాసభూమి. వారు సంతకు దిగివచ్చి తెలుగు వర్తకులతోను, అధికారులతోను వ్యవహరించేవారు. భాష తెలియని కారణాన వారు మోసపోవడం నిత్యకృత్యం. రామమూర్తి వారి భాష నేర్చుకోదలచి, సవరము, తెలుగు రెండూ తెలిసిన ఒకరిని తన ఇంటనే ఉంచుకొని అభ్యాసం ప్రారంభించారు. తరువాత కొండలెక్కి సవర గూడేలకు వెళ్ళారు. అవి చలిజ్వరాలకు పుట్టినిళ్ళు. జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది, మరి కోలుకోలేదు. ధ్వనుల సూక్ష్మభేదాలను పట్టుకొని వ్రాయవలసిన పనికి పూనుకొన్నవానికి చెవియే దూరమైంది. అయినా పని ఆగలేదు. కుమారుడు సీతాపతి కూడా ఈ భాషలో నిష్ణాతుడై, తరువాతి కాలంలో సవరల పాటలను గూర్చి విశేషంగా వ్రాశారు.

సవరభాష ద్రావిడం కాదు. అది ముండా శాఖకు చెందినది. 1906లో వెలువడిన భారతీయ భాషా సర్వేక్షణ నాల్గవ సంపుటంలో స్టెన్ కోనో దానిని ముండా భాషల నడుమ చేర్చారు. కనుక తెలుగు వర్ణమాల దానికి సరిగా అతకదు. మహాప్రాణాలు సవర పలుకుబడికి అక్కరలేదు. ఆ విధంగా తెలుగు అక్షరాలలో ఒక వరుసకు వరుస నిరుపయోగమవుతుంది. మరోపక్క, గొంతును క్షణకాలం మూసి విడిచినప్పుడు పుట్టే స్పర్శధ్వని సవరలో అర్థభేదకం. నీటిని తెలిపే మాటలోనే రెండు ఆకారాల నడుమ ఆ కంఠ్యస్పర్శ వినబడుతుంది. తెలుగులో దానికి గుర్తు లేదు. దాఅ అని వ్రాస్తే చదివేవాడు రెండు అచ్చులను కలిపి లాగుతాడు, దా అని వ్రాస్తే ధ్వనియే పోతుంది. తెలుగు అచ్చులకు సరిపడని మధ్యాచ్చులు వేరే ఉన్నాయి. పదాలు హల్లుతో ముగియడం సవరలో సామాన్యం, తెలుగు మాటలు సాధారణంగా అజంతాలు. అందుచేత తెలుగు లిపిలో సవరం వ్రాసేవానికి అడుగడుగున పొల్లు హల్లు కావలసివస్తుంది. ఆ పొల్లును చదువు రాని పిల్లవానికి నేర్పడం గుణింతం నేర్పడం కన్న కష్టం.

ఇక్కడ ముద్రణ సమస్యను కూడా స్మరించాలి. సీసపు అచ్చుల కాలంలో తెలుగు పెట్టెలో అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిపి వందల దిమ్మలుండేవి. కొత్త గుర్తు కావాలంటే దానికి ఉక్కు పోగుమీద రూపం చెక్కాలి, మూస తీయాలి, పోత పోయాలి. కొద్దిమంది గిరిజన బాలురు చదివే పుస్తకానికై ఎవరు అంత వ్యయం భరిస్తారు? వ్రాతలో సులభంగా చేర్చగల గుర్తు అచ్చులో దుర్లభం. లిపికర్త ఉద్దేశానికి, అచ్చుకూటపు పెట్టెకు మధ్య ఉన్న ఈ దూరాన్ని మన లిపి చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు.

రామమూర్తి ఈ చిక్కును రెండు మార్గాలుగా విడదీశారు. పిల్లలకు, గూడెం బడికి తెలుగు లిపియే వాడారు. సవర పిల్లవాడు సంతలో, కచ్చేరిలో ఎదుర్కొనే అక్షరం అదే కనుక, ఒకే కష్టంతో రెండు ప్రయోజనాలు నెరవేరుతాయి. సవరంలో వాచకాలు వ్రాశారు, పాటలు సేకరించారు, సొంత ధనంతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చారు. 1913లో మద్రాసు ప్రభుత్వం బిరుదుతో ఆయనను గౌరవించింది. శాస్త్రజ్ఞులకు ఉద్దేశించిన గ్రంథాలలో మాత్రం రోమను అక్షరాలను ఆశ్రయించారు. ఆంగ్లంలోని భాషాశాస్త్ర గ్రంథాలను శ్రద్ధగా చదివి, ధ్వనికొక గుర్తు అనే నియమంతో వ్రాశారు. ఆయన సవరభాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం 1931లో ప్రచురించింది. ముఖపత్రంమీది భాషానామంలోనే ఆ పద్ధతి కనిపిస్తుంది: ఓకారం పక్కన రెండు చుక్కలు, చివరి ఆకారం పక్కన మరి రెండు చుక్కలు, దీర్ఘాలకు చిహ్నాలుగా. ఏ అచ్చుకూటంలోనైనా దొరికే విసర్గవంటి విరామచిహ్నమే దీర్ఘానికి గుర్తయింది. మనం సవర అనే జాతి తన్ను తాను సోరా అని పిలుచుకొంటుందని ఆ నాలుగు చుక్కలు తెలుపుతున్నాయి. 1933లో ఇంగ్లీషు–సవర కోశం, 1938లో సవర–ఇంగ్లీషు కోశం వెలువడ్డాయి.

ఈ మధ్యకాలంలోనే ఆయన తెలుగు వ్యావహారిక వాదాన్ని నడిపారు. 1911లో ఉద్యోగ విరమణ చేసినప్పటినుండి ఆ పని మరింత తీవ్రమైంది. 1919లో తెలుగు అనే పత్రికను స్థాపించారు. బాలకవి శరణ్యం, గద్యచింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం ఆ వాదానికి ఆధారగ్రంథాలు. ఆ వివాద చరిత్ర సుపరిచితం కనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. ఒక్క విషయం మాత్రం గమనింపదగినది. సవర బాలునికి సవరంలో చదువు చెప్పాలన్న పట్టుదల, తెలుగు బాలునికి అతడు మాటాడే తెలుగులో చదువు చెప్పాలన్న పట్టుదల రెండూ ఒకే ఉపాధ్యాయునివి. రామమూర్తిని గ్రాంథిక ద్వేషిగా మాత్రమే చూచినవారు కొండలమీది ఆయన బడులను లెక్కలోకి తీసుకోలేదు.

1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం లభించింది. రెండేళ్ళకు ఆయన జీవితంలో పెద్ద ఎడబాటు సంభవించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది, పర్లాకిమిడి అందులో చేరింది. దానిని అంగీకరించలేక డెబ్బది రెండేళ్ళ రామమూర్తి అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు.

సరిగ్గా ఆ సంవత్సరమే, జూన్ 18న, గుణుపురం ప్రాంతపు సవరల నుండి మంగేయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపిని వెలువరించారు. అందులో ప్రధానాక్షరాలు 24. అక్షరాలకు సవర దేవతల పేర్లు పెట్టారు. తెలుగు, ఒడియా, రోమను లిపులలో ఏది ఎంచుకొన్నా అది పరాయిదే అన్న వేదన ఆ సృష్టికి ప్రేరకం. అక్షరం వారికి వ్రాతసాధనం మాత్రమే కాదు, ఆరాధ్యదైవం. రామమూర్తి శాస్త్రదృష్టితో ధ్వనికి గుర్తు వెదికితే, గొమాంగో ఆత్మగౌరవదృష్టితో జాతికి గుర్తు వెదికారు. రామమూర్తి పద్ధతిలోని లోపాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. లిపి ఎంపికలో సవరల అభిమానానికి ఉన్న పాత్రను ఆయన తక్కువగా అంచనా వేశారు. బడికి ఏది అనుకూలమన్నదే ఆయన ప్రశ్న, తమది ఏదన్నది వారి ప్రశ్న.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రామమూర్తికి కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది. 1940 జనవరి 22న ఆయన మద్రాసులో కన్నుమూశారు.

ఆయన వదలిన ప్రశ్న తూర్పు కనుమలలో ఇంకా సమసిపోలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభమైనప్పుడు సవర వాచకాలు తెలుగు లిపిలోనే రూపొందాయి. అరకు లోయలోను, దాని చుట్టుపక్కల కొండలలోను వాడుకలో ఉన్న గిరిజన భాషలకు ఆంధ్ర విశ్వవిద్యాలయాచార్యులు సత్తుపాటి ప్రసన్నశ్రీ వేర్వేరు లిపులను రూపొందించారు. ఒడిశా కొండలలోని క్రైస్తవ సవరలు రోమను లిపిని వాడుతూ వచ్చారు. సొరాంగ్ సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లో చోటు సంపాదించింది. ఉక్కు పోగు, సీసపు పోత లేకుండానే కంప్యూటరుపై ఆ 24 అక్షరాలకు అచ్చురూపం లభించింది.