ఆచార్య వినోబా భావే పాదయాత్ర

ఒక్క దినము దూరము నడచుట గొప్ప సంగతి కాదు. రాజమహేంద్రవరమునుండి కాకినాడకు సుమారు 40 మైళ్ల దూరము. బలముగల పడుచువాడు పందెము వేసికొని తెల్లవారుజామున బయలుదేరినచో ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికైనను ఆ యూరు చేరగలడు. అసలు కష్టము మరునాటి యుదయమున తెలియును. అరికాళ్లు బొబ్బలెక్కి, పిక్కలు పట్టుకొని, లేచి నిలుచుటయే దుర్భరమగును. అట్టి మరునాడును నడచి, మూడవనాడును నడచి, ఇట్లు పదుమూడు సంవత్సరములు నడచిన యొక మహనీయుని జీవితము విద్యార్థులు తెలిసికొనదగియున్నది. ఆయన మల్లుడు కాడు. పరుగుపందెములలో బహుమానములు పొందినవాడును కాడు. ఆ నడక మొదలిడునాటికి 55 ఏండ్ల వయస్సువాడు, కడుపులో పుండుతో బాధపడుచున్న బక్కపలుచని మనుష్యుడు. ఆయనయే ఆచార్య వినోబా భావే.

ఆయన యసలు పేరు వినాయక నరహరి భావే. 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్రమున కొలాబా జిల్లాలోని గాగోదె గ్రామమందు జన్మించెను. బాల్యమునుండి గణితశాస్త్రమన్నను దూరపు నడకయన్నను ఆయనకు మిక్కిలి ప్రీతి. 1916లో ఇంటర్మీడియెట్ పరీక్షకై బొంబాయికి బయలుదేరి, త్రోవలో సూరతునందు రైలు దిగి, పరీక్ష మాని కాశికి పోయెను. అచ్చట గాంధిమహాత్ముని యుపన్యాసమును గూర్చి తెలిసికొని, ఆయనకు జాబులు వ్రాసి, ఆ యేడు జూన్ 7వ తేదీన అహమ్మదాబాదు చెంతనున్న ఆశ్రమమున ఆయనను దర్శించెను. నాటినుండి ఆశ్రమవాసియై వంట, నేత, పాకీపని మొదలగు పనులన్నియు చేయుచుండెను.

మరుసటి యేడు సంస్కృతాధ్యయనమునకును ఆరోగ్యమునకును ఒక సంవత్సరము సెలవు గైకొనెను. ఆ కాలమున వాయి పట్టణమందు చదువు సాగించి, పిదప మహారాష్ట్రమందలి పల్లెలలో సుమారు 400 మైళ్లు కాలినడకను తిరిగెను. సంవత్సరము నిండిన దినమున, చెప్పిన మాట తప్పక, ఆశ్రమమునకు మరలి వచ్చెను. తరువాతి మహాయాత్రకు ఇదియే బీజమని చెప్పవచ్చును.

ఆయన దేహము మాత్రము ఎన్నడును బలమైనది కాదు. 1938లో మిక్కిలి కృశించి, ప్రాణమునకే యపాయము గలుగునంత స్థితికి వచ్చెను. అప్పుడు వార్ధాకు సమీపమున పౌనారు గ్రామమున ధామనది యొడ్డున నివసించి, దినదినము పొలమున కొంచెము కొంచెముగ గునపముతో త్రవ్వుచు, క్రమముగా కోలుకొనెను. 1940లో వ్యక్తిసత్యాగ్రహమునకు గాంధిమహాత్ముడు మొదటివానిగ ఆయననే యెన్నుకొనెను. తరువాత వేలూరు చెరసాలలో నున్నప్పుడు దక్షిణదేశ భాషలు నాలుగింటిని అభ్యసించెను. ఆ నాలుగింటిలో మన తెలుగును చేరియున్నది. ఈ తెలుగు ఆయనకు త్వరలోనే యక్కరకు వచ్చినది.

1951 ఏప్రిలులో హైదరాబాదు సమీపమందలి శివరామపల్లెలో సర్వోదయ సమ్మేళనము జరుగవలసి యుండెను. రైలులో కొలది గంటలలో ముగియు ఆ ప్రయాణమును వినోబా కాలినడకను చేయ నిశ్చయించెను. మార్చి 8వ తేదీన సేవాగ్రామమునుండి బయలుదేరి, దాదాపు 300 మైళ్లు నడచి, నెలదినములకు శివరామపల్లె చేరెను. సమ్మేళనము ముగిసిన పిదప ఇంటిమొగము పట్టక, తెలంగాణపు పల్లెలవైపు మరలెను.

ఆనాటి తెలంగాణమున నడచుట సామాన్యమైన సాహసము కాదు. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో భూమికొరకు సాయుధపోరాటము సాగుచుండెను. భూస్వాములు పల్లెలు విడిచి పారిపోయిరి. రైతుకూలీలు ఇరువైపుల భయమున నలిగిపోవుచుండిరి. రెండు పక్షములయందును రక్తము చిందెను. అట్టి త్రోవలవెంట ఆయన ఆయుధమును రక్షకభటులును లేక కొలదిమంది యనుచరులతో నడచెను. ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో హరిజనులు ఆయనను గలిసి, బ్రదుకుటకు 80 ఎకరముల భూమి కావలయునని విన్నవించిరి. ఆయన ఆ మాటను ప్రభుత్వమునకు పంపుటకు ముందు ఊరివారినే యడిగెను. సభలోనుండి వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములిచ్చుటకు ముందుకు వచ్చిరి. ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదట. మరునాటినుండి ప్రతి గ్రామమునను పేదలకొరకు భూమి యడుగుచు పోయెను. తెలంగాణమున 51 దినములు తిరుగునప్పటికి సుమారు 12,000 ఎకరములు దానముగ లభించెను. భూదానోద్యమము ఇట్లు తెలుగు నేలపై పుట్టినది.

ఆ సంవత్సరమే ప్రణాళికా సంఘమువారితో సంప్రదించుటకై ప్రధానమంత్రి నెహ్రూ ఆయనను ఢిల్లీకి రమ్మనగా, వినోబా సెప్టెంబరులో పౌనారునుండి కాలినడకనే బయలుదేరి, రమారమి 800 మైళ్లు రెండు నెలలలో దాటి, నవంబరున ఢిల్లీ చేరెను. పిదప ఉత్తరప్రదేశము, బీహారు, వంగదేశము, ఒరిస్సాలు నడచి, 1955లో ఒరిస్సానుండి ఆంధ్రదేశమునకు వచ్చెను. దక్షిణదేశమంతయు తిరిగి, 1960లో చంబలు లోయలో పేరుమోసిన బందిపోట్లు తమ తుపాకులు ఆయన పాదములయొద్ద పెట్టునట్లు చేసెను. 1962లో నాటి తూర్పు పాకిస్థానమునందును నడచెను. తుదకు 1964 ఏప్రిలులో పౌనారు చేరెను. మొత్తము నడచినది 36,000 మైళ్లకు పైమాటయే. రాజమహేంద్రవరమునుండి కాకినాడకు తొమ్మిదివందల మారులు నడచినచో ఆ లెక్క తీరును!

ఇంతటి పనిని బలహీనదేహముతో ఎట్లు నెరవేర్చెనని యడుగవచ్చును. ఆయన యెన్నడును పరుగెత్తలేదు. వేకువ మూడుగంటలకు లేచి ప్రార్థనచేసి, చీకటియుండగనే లాంతరు వెలుగున బయలుదేరును. ఎండ ముదురకముందే పది పండ్రెండు మైళ్లు నడచి తరువాతి గ్రామము చేరును. పాలు, పెరుగు, కొంచెము తేనె ఇవియే ప్రధానాహారము. అవియైనను కొలత ప్రకారము, కొంచెము కొంచెముగ పలుమారులు గైకొనును. పగలు గ్రామస్థులతో సంభాషణ, సాయంకాలము ప్రార్థనసభ, పెందలకడ నిద్ర. వానాకాలమైనను వేసవియైనను ఈ క్రమము మారదు. నేటి నడక రేపటి నడకను చెరుపకుండునట్లు చూచుకొనుటయే ఆయన రహస్యము.

అడ్డంకులు లేకపోలేదు. 1952 డిసెంబరులో నాటి బీహారులోని చాండిల్ వద్ద విషజ్వరము సోకి మరణావస్థకు వచ్చెను. మొదట మందు పుచ్చుకొననని పట్టుపట్టి, మిత్రుల ప్రార్థనపై తుదకు సమ్మతించెను. 1953లో దేవఘర్ ఆలయమునకు హరిజనులతో గూడ పోయినప్పుడు పూజారులవలన దెబ్బలు తినెను. అందువలన ఒక చెవి వినికిడి దెబ్బతినెను. అయినను వారిని శిక్షింపవలదని కోరి, తన త్రోవను సాగిపోయెను.

ఫలమును గూర్చియు సత్యము చెప్పవలెను. ఆయన యాశించినది 5 కోట్ల ఎకరములు. లభించినది 40 లక్షలకు పైగా మాత్రమే. అందులోను కొంత రాళ్లనేల, కొంత వ్యాజ్యములలో చిక్కుకొన్నది. చాల భాగము పేదలచేతికి చేరనేలేదు. కావున పని విఫలమైనదని కొందరందురు. కాని లక్షలకొలది ఎకరములు బలవంతము లేక చేతులు మారినవనుటయు, భూమిలేనివాని యాకలిని దేశము చెవిని బెట్టినదనుటయు అబద్ధములు కావు. 1958లో రామన్ మెగసెసె బహుమానమును, మరణానంతరము 1983లో భారతరత్న బిరుదమును ఆయనకు లభించినవి. 1982 నవంబరు 15వ తేదీన, ఆహారౌషధములు విడిచి, పౌనారునందే 87 ఏండ్ల వయస్సున దేహము చాలించెను.

బాలబాలికలారా! పెద్ద దూరమును జూచి జంకువారు మనలో పెక్కుమంది. మొదటినాడు ఉత్సాహమున పరుగెత్తి మూడవనాడు చతికిలబడువారును గలరు. చదువైనను, ఆటయైనను, పరోపకారమైనను, శక్తి కొలదిగ నేటి పది మైళ్లు నడచి, రేపు మరల లేచువాడే గమ్యము చేరును. నడిచినవాడు కోరినదంతయు పొందకపోవచ్చును. కాని అతడు నడచిన త్రోవ వెనుకవచ్చువారికి మిగులును.