కలియుగ భీముడు

ఉత్తరాంధ్ర ప్రాంతమున వీరఘట్టమను గ్రామము కలదు. నేడది పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నది. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున ఆ గ్రామమందు వెంకన్న నాయుడను గృహస్థునకు ఒక కుమారుడు జన్మించెను. అతడే కలియుగ భీముడని కీర్తి గాంచిన కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి పసితనముననే తల్లిని గోల్పోయెను. అతనికి చదువుకంటె ఆటలయందే మక్కువ మెండు. అందుచే తండ్రి అతనిని విజయనగరమున పోలీసు ఉద్యోగియై యున్న పినతండ్రి నారాయణస్వామి కడకు పంపెను. ఆనాటి విజయనగరము సంగీత సాహిత్యములకే గాక సాముగరిడీలకును పేరుగన్నది. పుట్టుకతో వచ్చిన దేహబలమునకు అక్కడ తగిన తావు లభించెను. రామమూర్తి ప్రతిదినము దండీలు, బస్కీలు తీయుచు, గోదాలో దిగి కుస్తీ నేర్వసాగెను.

కుస్తీ కేవలము బలముచే గెలువదగిన విద్య కాదు. ఎదుటి మల్లుడు తన భారమును ఏ కాలిపై మోపుచున్నాడో, ఎప్పుడు ఊపిరి విడుచుచున్నాడో, ఎట్టి పట్టునకు చేయి చాచుచున్నాడో కనిపెట్టవలెను. ఆ యెరుక లేనివాడు ఎంత బలాఢ్యుడైనను నేల కరవక తప్పదు. ఎరుక గలవాడు తనకంటె బలవంతుని సైతము పడవేయగలడు. ఈ మర్మము తెలియుటకు ఏండ్ల తరబడి సాధన కావలెను. ఆ సాధనలోనే రామమూర్తి కౌమారము గడచెను.

పిమ్మట అతడు మదరాసు చేరువనున్న సైదాపేటలో వ్యాయామవిద్య నభ్యసించి, విజయనగరమునకు మరలివచ్చి, పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడయ్యెను. అంతటితో తృప్తి చెందక ప్రాణాయామమును గూడ శ్రద్ధతో సాధించెను. దేహబలమునకు ఊపిరిపై అదుపు తోడైనప్పుడే అది విద్య యగునని అతడు గ్రహించెను.

కొంతకాలమునకు మిత్రుల సహాయముతో ఒక సర్కసు సంఘమును స్థాపించి ఊరూర ప్రదర్శనము లిచ్చెను. ఛాతీకి ఇనుపగొలుసు చుట్టించుకొని, నిండుగ ఊపిరి పీల్చి కండరములను ఉబ్బించగా ఆ గొలుసు తునుకలగుచుండెను. రెండు భుజములకు కట్టిన మోటారుకార్లు ఎదురుదిక్కులకు లాగుచున్నను అతడు చలింపక నిలుచుచుండెను.

అన్నిటికంటె అపాయకరమైనది ఏనుగు ప్రదర్శనము. రామమూర్తి వెల్లకిల పరుండి ఎదపై బల్ల పరపించుకొనగా, ఏనుగు దానిమీద కాలిడుచుండెను. బల్ల ఆ భారమును ఛాతీ యంతటికిని పంచును. అయినను ఏనుగు అడుగు మోపకముందే ఊపిరి బిగబట్టవలెను. అది దిగిపోవువరకు సడలింపరాదు. ఒక్క క్షణము మనస్సు చెదరినచో ప్రక్కటెముకలు పొడి యగును. చూచువారు బలమును మాత్రమే చూచిరి. ప్రాణము కాచినది బలముతోబాటు ఆ ఏకాగ్రతయే.

అతని కీర్తి విదేశములకును ప్రాకెను. బ్రిటిషు చక్రవర్తి ఐదవ జార్జి అతనికి ఇండియన్ హెర్క్యులీస్ అను బిరుదు నొసగెనని ప్రసిద్ధి. ఇంత కీర్తి గడించియు రామమూర్తి శాకాహారమునే విడువక నియమముతో జీవించెను. ఆర్జించిన ధనమును దానధర్మములకు ధారాళముగ వెచ్చించెను.

కడపటి దినములలో విధి అతనికి ప్రతికూలమయ్యెను. కాలికి పుండు ముదిరి, శస్త్రచికిత్సచే ఆ కాలినే తీసివేయవలసి వచ్చెను. గోదాలో అచంచలముగ నిలిచిన మహాబలునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష వేరొకటి ఏముండును? ఆ వీరుడు 1942లో ఒడిశాలోని బలాంగీరున కన్నుమూసెను.

శ్రీకాకుళమున క్రీడా ప్రాంగణమునకు పెట్టిన పేరును, విశాఖపట్టణము సముద్రతీరమున నెలకొల్పిన విగ్రహమును అతనిని స్మరింపజేయుచున్నవి. పుట్టుకతో వచ్చిన బలము రామమూర్తికి పెట్టుబడి మాత్రమే. దానిని ఎరుకతో దిద్దుకొని, నిత్యసాధనచే పెంచుకొన్నందుననే అతడు భీముడని పిలువబడెను. బలము వచ్చును, పోవును. శ్రద్ధతో విద్య నార్జించిన వాని కీర్తి మాత్రము నిలిచియుండును.