వాడుక భాషకు గొడుగు పట్టిన గిడుగు

వ్యావహారిక భాషోద్యమ పితామహులు గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు.

కొండల్లోని సవరల భాష నేర్చి, వారి పిల్లలకు బడులు నెలకొల్పారు. ఆ సంచారంలో మలేరియా సోకగా, క్వినైను వాడకం వల్ల వినికిడి మందగించింది. జనుల నోటి పలుకు కోసం జీవితాన్ని ధారవోసిన వారికే ఆ పలుకు వినబడకపోవడం విధి వైచిత్రి!

ఆనాటి విద్యార్థి ఇంట ఒక భాష మాట్లాడి, పరీక్షలో గ్రాంథికం వ్రాయవలసి వచ్చేది. ఆ గ్రాంథికంలో పండితులే దోషాలు చేస్తున్నారని రామమూర్తి సోదాహరణంగా నిరూపించారు. గురువులకే పట్టుబడని భాషలో శిష్యుడు తన భావాన్ని ఎట్లా చెప్పగలడన్నదే ఆయన వాదం. తీవ్ర ప్రతిఘటన ఎదురైనా వెనుదీయక, 1919లో ‘తెలుగు’ మాసపత్రికను స్థాపించారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరగా రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. 1940 జనవరి 22న కీర్తిశేషులయ్యారు.

ఉర్దూ వచనానికి సంభాషణలోని సారళ్యాన్ని గాలిబ్ (1797-1869) లేఖలు నేర్పాయి. తెలుగులో ఆ కృషిని ఉద్యమంగా నడిపినవారు గిడుగు. పద్మారావు నగర్‌లో ఈ రెండు భాషల నడుమ చదువుకొనే విద్యార్థులారా! రేపు మీరు వ్రాసేది ఉద్యోగానికి దరఖాస్తు కావచ్చు, కార్యాలయ నివేదిక కావచ్చు. చదువరికి తొలిసారికే బోధపడేట్లు వ్రాయండి. ఆ మహనీయునికి మనం చెల్లించగల నివాళి అదే.