ప్రకాశం పంతులుగారి చేయి పట్టుకున్నవారు

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పదకొండేళ్ళ వయస్సులో ఆయన తండ్రిని కోల్పోయారు. ఇల్లు గడవడమే కష్టమైంది.

సుబ్బమ్మగారు ధైర్యం విడువలేదు. ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి, వచ్చినవారికి అన్నం వండిపెట్టి, ఆ సంపాదనతో పిల్లలను పోషించారు. ఆ రోజుల్లో ఆ వృత్తిని లోకం చిన్నచూపు చూసేది. అయినా కుమారుని చదువే ఆమెకు ముఖ్యం. పరీక్ష రుసుము మూడు రూపాయలు లేనప్పుడు తన పట్టుబట్టను తాకట్టు పెట్టి, ఆ సొమ్ము కట్టించారు.

బాలుడైన ప్రకాశంగారు మహా అల్లరివారు. ఆటలన్నా నాటకాలన్నా ప్రాణం. అదుపు చేసేవారు లేకపోతే ఆ చురుకుదనం దారి తప్పేదే. అప్పుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆయనను చేరదీశారు. నాయుడుగారికీ నాటకాలంటే మక్కువ. శిష్యుని అల్లరిని చూసి విసుగుకొనక, అతనిలోని తెలివిని గుర్తించారు. న్యాయవాద వృత్తికై రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు శిష్యుణ్ణి కూడా వెంట తీసుకొనిపోయి చదివించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదువుకొనుటకూ తోడ్పడ్డారు.

ఆ ఆదరణ వృథా కాలేదు. ప్రకాశంగారు రాజమహేంద్రవరంలో పేరుపొందిన న్యాయవాది అయ్యారు. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. తరువాత పుష్కలమైన ఆదాయాన్ని వదులుకొని స్వాతంత్ర్యోద్యమంలో చేరారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ ప్రజలు వీధులలోకి వచ్చినప్పుడు, అడ్డుకున్న తుపాకుల ముందు రొమ్ము చూపి నిలిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న పరమపదించారు.

బాలలారా! తుపాకికి వెరవని ఆ గుండె ఒక్కనాటిలో తయారైనది కాదు. కష్టకాలంలో తల్లి అండగా నిలిచింది; గురువు చేయి విడువలేదు. టాంపినీస్‌లో ఉన్న మనకూ అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు, గురువులు ఉన్నారు. మనసుకు భయం కలిగినా, ఎవరైనా బాధపెట్టినా దాచుకొనక వారిలో నమ్మకమైనవారికి చెప్పండి. తరగతిలో ఒంటరిగా కూర్చున్న స్నేహితుడు కనిపిస్తే పక్కన కూర్చుని పలకరించండి. ఒకరి చేయి మరొకరు పట్టుకోవడం చిన్నవారికీ సాధ్యమే.