ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న హైదరాబాద్ డాక్టర్

అమలాపురంలోనైనా రాజోలులోనైనా ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ వచ్చి ఆయాసం ఉందా, మెట్లెక్కితే రొప్పు వస్తుందా అని అడుగుతారు. ఊపిరిపై ఈ శ్రద్ధ వెనుక హైదరాబాద్ కథ కూడా ఒకటుంది.

ఎడిన్‌బరోలో చదివిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చారు. అప్పట్లో క్లోరోఫాం మత్తులోనే కొందరి ప్రాణాలు పోయేవి. ప్రమాదం గుండెకేనని చాలామంది డాక్టర్లు నాడి చూసేవారు. ముందు ఆగేది ఊపిరేనని, కళ్లు దాని మీదే ఉండాలని లారీ శిష్యులకు నేర్పారు.

దీన్ని తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెండోదానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇవ్వగా, లండన్ లాన్సెట్ పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. జంతువులపై వందల ప్రయోగాలు చేశాక తీర్పు లారీ వైపే వచ్చింది.

అయితే అది సగం నిజమే. క్లోరోఫాం గుండెనూ ఉన్నట్టుండి ఆపేయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపించాయి.

ఇప్పుడు మత్తు డాక్టర్లు ఊపిరి, గుండె రెండూ చూస్తారు. అందుకే ఉబ్బసం ఉన్నా, బీడీ అలవాటున్నా ఇంట్లోవాళ్లు దాచకుండా ముందే చెప్పేయాలి.