సత్యభామ వేషానికి పెట్టింది పేరు స్థానం

ఐరాల: సినిమా పాటగా జనం పాడుకునే 'మీరజాలగలడా' నిజానికి నాటకం పాట. దానిని వ్రాసినవారు, చీర కట్టి సత్యభామగా రంగస్థలంపై పాడి మెప్పించినవారు కీ.శే. స్థానం నరసింహారావు.

శ్రీ స్థానం 1902లో బాపట్లలో జన్మించారు. ఒకనాడు హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోగా ఆ వేషం ఈయన కట్టారు. అది మొదలు ఆడవేషాలే ఆయన బతుకైనవి. రోషనార, చింతామణి, కన్యాశుల్కంలో మధురవాణి పాత్రలు ధరించారు. అన్నిటికీ మించినది ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారంలోని సత్యభామ. మొగుడు తన కొంగుకే కట్టుబడి ఉన్నాడన్న గర్వంతో నారదుని మాట విని ఆయన్నే దానమిస్తుంది. నగలన్నీ తక్కెడలో పోసినా తూగడు. రుక్మిణి వేసిన ఒక్క తులసిదళానికి తూగుతాడు. ప్రేక్షకులు నవ్వాలి, అదే సమయంలో భామ మీద జాలిపడాలి. కాస్త శ్రుతి మించితే వెకిలి వేషమవుతుంది. మన జిల్లాలో భారతం జరిగే ఊళ్లలో మగవారు కట్టే ద్రౌపది వేషం చూసినవారికి ఆ కష్టం తెలుసు.

సినిమా మాత్రం ఆయనకు ఆ వేషం ఇవ్వలేదు. 1942లో వై.వి. రావు తీసిన 'సత్యభామ' చిత్రంలో భామ పుష్పవల్లి, స్థానం వారు కృష్ణుడు! తెర మీద ఆడవేషాలకు ఆడవారే వచ్చారు మరి.

1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1966లో రామానాయుడు నిర్మించిన 'శ్రీకృష్ణ తులాభారం'లో సుశీల గొంతుతో, జమున అభినయంతో ఆయన పాట ఊరూరా మోగింది. ఐదేళ్లకు, 1971 ఫిబ్రవరిలో శ్రీ స్థానం కన్నుమూశారు.